త్రీ కింగ్‌డమ్స్‌లో మొదటి యుద్ధాలు గెలవడం ఎలా?

"నా దగ్గర శత్రువు కంటే ఎక్కువ సైన్యమే ఉంది. అయినా ఓడిపోయాను. ఎక్కడ తప్పు చేశాను?" టోటల్ వార్: త్రీ కింగ్‌డమ్స్ అనే కంప్యూటర్ గేమ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ గేమ్‌లో ఏ దళమూ చివరి మనిషి దాకా పోరాడదు. గేమ్ మొరేల్ అని పిలిచే ధైర్యం చెడగానే వెన్ను చూపి పారిపోతుంది. సగం మంది బతికుండగానే పారిపోయే దళాలు మీకు చాలా కనిపిస్తాయి. కాబట్టి కింద చెప్పే మెట్లన్నీ రెండు పనుల కోసమే: మనవాళ్ల ధైర్యం నిలబెట్టడం, ఎదుటివాళ్ల ధైర్యం చెడగొట్టడం.

గేమ్ గురించి క్లుప్తంగా చెప్తాను. క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేసిన ఈ గేమ్‌ను సెగా 2019 మే 23న విడుదల చేసింది. కథ క్రీ.శ. 190లో మొదలవుతుంది. హాన్ సామ్రాజ్యం కూలిపోతోంది. బాలచక్రవర్తిని గుప్పిట్లో పెట్టుకున్న డాంగ్ జువో మీద తక్కిన సేనానుల్లో చాలామంది కూటమి కట్టారు. మ్యాప్ మీద ఆట టర్న్‌ల (వంతుల) లెక్కన నడుస్తుంది, తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. రెండు సైన్యాలు ఎదురుపడ్డాక మాత్రం యుద్ధమంతా రియల్ టైమ్‌లోనే. టెన్షన్ మొదలయ్యేది అక్కడే. ఈ వ్యాసం ఆ యుద్ధం గురించే. పన్నులు, భవనాలు, దౌత్యం జోలికి ఇక్కడ పోవడం లేదు.

## కావలసినవి

- గేమ్ అసలు ప్యాక్ చాలు. తర్వాత వచ్చిన అదనపు ప్యాక్‌లు ఇప్పుడే కొనకండి. యుద్ధం ఎలా చేయాలో నేర్చుకోవడానికి వాటి అవసరం లేదు.
- డిస్క్‌లో 60 జీబీ ఖాళీ. ఎస్ఎస్‌డీ ఉంటే లోడింగ్ కోసం కూర్చోవాల్సిన సమయం బాగా తగ్గుతుంది.
- మౌస్. ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్‌తో ఈ యుద్ధాలు ఆడలేరు. కుడి బటన్ నొక్కి పట్టుకుని లాగే పని ప్రతి నిమిషం ఉంటుంది.
- ల్యాప్‌టాప్ పాతదైతే సెట్టింగ్స్‌లో యూనిట్ సైజ్ తగ్గించండి. ఒక్కో దళంలో మనుషులు తగ్గుతారు, ఆట సాఫీగా నడుస్తుంది. ఎత్తుగడలేమీ మారవు.
- ఒక గంట ఖాళీ సమయం. మొదటి మూడు నాలుగు యుద్ధాలు నెమ్మదిగా ఆడాలి.

గేమ్‌లో తెలుగు లేదు. ఇంగ్లీషులో కనిపించే చైనా పేర్లను ఎలా పలకాలా అని చాలామంది ఇబ్బంది పడతారు. స్క్రీన్ మీది అక్షరాలు చదివి "కావో కావో" అనుకునే పేరు నిజానికి ట్సావ్ ట్సావ్. పసుపు తలపాగాల తిరుగుబాటుదారులను అణచిన సేనానుల్లో అతనొకడు. పేరు సరిగ్గా పలకకపోయినా యుద్ధం ఆగదనుకోండి. కానీ అటూ ఇటూ పన్నెండు మంది సేనానులున్నప్పుడు ఎవరు ఎవరో గుర్తుండాలంటే పేర్లు నోటికి రావాలి.

## మెట్టు 1: కథ పక్కన పెట్టి, కస్టమ్ బ్యాటిల్ తెరవండి

అందరూ నేరుగా క్యాంపెయిన్‌లోకి, అంటే కథ నడిచే అసలు ఆటలోకి దూకుతారు. అక్కడ ఓడిపోతే ఊళ్లు పోతాయి, సేనాని చనిపోతే మళ్లీ రాడు. ఆ భయంతో ఏదీ సరిగ్గా నేర్చుకోలేరు. మెయిన్ మెనూలో కస్టమ్ బ్యాటిల్ ఉంటుంది. మైదానం, సైన్యం, శత్రువు, అన్నీ మీరే ఎంచుకోవచ్చు. ఓడినా పోయేదేమీ లేదు.

చదునుగా, అడవి తక్కువగా ఉన్న మైదానం ఎంచుకోండి. కోట వద్దు. కష్టం స్థాయి ఈజీ పెట్టండి. ఇద్దరికీ ఒకే డబ్బు, ఒకే తరహా సైన్యం ఇవ్వండి. మీ సైన్యం ఇలా ఉంటే నేర్చుకోవడం తేలిక:

- ముగ్గురు సేనానులు
- డాలు ఉన్న ఈటెల దళాలు 4
- కత్తుల దళాలు 2
- విలుకాళ్ల దళాలు 3
- గుర్రపు దళాలు 3

క్యాంపెయిన్‌లో ఒక సైన్యానికి ముగ్గురు సేనానులు, ఒక్కొక్కరి కింద ఆరు దళాల దాకా ఉంటాయి. అంటే మొత్తం 21. స్క్రీన్ మీద ఒక్కో దళానికీ సేనానికీ ఒక కార్డు కనిపిస్తుంది. మొదటిరోజే 21 కార్డులు చూసుకోవడం ఎవరివల్లా కాదు. పదిహేనుతో మొదలుపెట్టండి. అవీ ఎక్కువనిపిస్తే తొమ్మిదికి తగ్గించినా ఫర్వాలేదు.

రొమాన్స్ మోడ్, రికార్డ్స్ మోడ్ అని రెండున్నాయి. రొమాన్స్‌లో సేనాని ఒక్కడే పదుల మందిని నరికేసే వీరుడు, ద్వంద్వ యుద్ధాలు చేస్తాడు. రికార్డ్స్‌లో అతనూ మామూలు మనిషే, చుట్టూ అంగరక్షకులతో గుర్రాల మీద తిరుగుతాడు. ఈ వ్యాసం రొమాన్స్‌ను దృష్టిలో పెట్టుకుని రాశాను, ఎక్కువమంది ఆడేది అదే. రికార్డ్స్ ఆడేవాళ్లు ద్వంద్వ యుద్ధం గురించి చెప్పిన మెట్టు వదిలేయండి, మిగతాదంతా పనికొస్తుంది.

## మెట్టు 2: రంగులు చూసి సేనానులను ఎంచుకోండి

ఇక్కడ సేనానులు ఐదు తరగతులు. ఒక్కో తరగతికి చైనా పంచభూతాల్లో ఒకటి, దానికో రంగు. మన పంచభూతాలతో కలిపి చూడకండి. వాళ్ల లెక్కలో గాలి, ఆకాశం లేవు. కొయ్య, లోహం ఉన్నాయి.

పసుపు అంటే మట్టి, కమాండర్. సైన్యానికి ధైర్యాన్నిచ్చేవాడు. ట్సావ్ ట్సావ్, లియూ బే ఈ తరగతి. ఎరుపు నిప్పు, వ్యాన్‌గార్డ్. దూసుకెళ్లి విధ్వంసం చేసేవాడు. ల్యూ బూ ఇందులోవాడే. ఆకుపచ్చ కొయ్య, ఛాంపియన్. ద్వంద్వ యుద్ధంలో ఆరితేరినవాడు, ఈటెల దళాలు ఇతనికి నప్పుతాయి. ఊదా లోహం, సెంటినెల్. దెబ్బలు కాచుకుంటూ నిలబడేవాడు, కత్తులు గొడ్డళ్ల దళాలు ఇతనికి సరిపోతాయి. నీలం నీరు, స్ట్రాటజిస్ట్. విలుకాళ్లు, రాళ్లు విసిరే యంత్రాలు ఇతని సొత్తు. జూగె లియాంగ్ ఈ కోవలోకే వస్తాడు.

మొదటి సైన్యానికి ఒక కమాండర్, ఒక ఛాంపియన్, ఒక స్ట్రాటజిస్ట్ చాలు.

హెచ్చరిక: స్ట్రాటజిస్టును కొట్లాటలోకి పంపకండి. నీలం రంగు సేనాని కత్తి పట్టి ముందు వరుసలో కనిపించాడంటే నిమిషాల్లో పోతాడు. విలుకాళ్ల వెనకే అతని చోటు.

## మెట్టు 3: ఐదు మీటలు వేళ్లకు అలవాటు చేసుకోండి

కీబోర్డ్ మీద మీటలు చాలానే ఉన్నాయి. ఇప్పటికి ఇవి చాలు.

- పి: ఆట ఆగుతుంది. ఆగి ఉన్నప్పుడు కూడా ఆజ్ఞలు ఇవ్వొచ్చు.
- కంట్రోల్ + అంకె: ఎంచుకున్న దళాలను ఒక గుంపుగా కడుతుంది. తర్వాత ఆ అంకె నొక్కితే గుంపంతా చేతిలోకి వస్తుంది.
- ఆర్: నడక, పరుగు మార్చడానికి.
- బ్యాక్‌స్పేస్: చేస్తున్న పని ఆపి నిలబడమని.
- మౌస్ కుడి బటన్ నొక్కి లాగడం: దళం ఎంత వెడల్పుగా, ఎటు తిరిగి నిలబడాలో చెప్పడానికి.

పి మీట గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఆట ఆపితే చేతకానట్టే అని కొందరు అనుకుంటారు. అలా అనుకోకండి. మీరు ఒక్కరే పదిహేను దళాలను చూసుకోవాలి. కంప్యూటర్ అన్నింటినీ ఒకేసారి చూస్తుంది. లెజెండరీ కష్టం స్థాయిలో తప్ప మిగతా అన్నింటిలో ఆపి ఆజ్ఞలివ్వడానికి ఒప్పుకున్నారంటే, అలా ఆడమనే కదా. మొదటి యుద్ధంలో ముప్పైసార్లు ఆపండి. పదో యుద్ధానికి దానంతటదే ఐదారుకు తగ్గుతుంది.

యుద్ధం మొదలవకముందే, దళాలు సర్దుకునే సమయంలో నాలుగు గుంపులు కట్టండి: 1 కాల్బలం, 2 విలుకాళ్లు, 3 ఎడమ గుర్రాలు, 4 కుడి గుర్రాలు.

## మెట్టు 4: వరుస కట్టండి

ఈటెల దళాలు నాలుగూ ముందు, పక్కపక్కన, మధ్యలో సందులు లేకుండా. కత్తుల దళాలు రెండూ వాటి రెండు చివర్ల వెనక. విలుకాళ్లు ఈటెల వెనక, ఓ ఇరవై ముప్పై అడుగులు వదిలి. గుర్రాలు రెండు వైపులా దూరంగా. దగ్గర్లో చెట్ల గుంపు ఉంటే అందులో పెట్టండి, శత్రువుకు కనపడవు. అయితే ఆ చెట్ల మధ్యే కొట్లాడించకండి. గుర్రాలకు అడవిలో పోరు కలిసిరాదు.

ఒక్కో దళాన్ని మరీ సన్నగా పొడుగ్గా సాగదీస్తే గుర్రాలు దాన్ని చీల్చుకుని అవతలికి వెళ్లిపోతాయి. మరీ లావుగా మూటలా పెడితే పక్కనుంచి చుట్టేస్తారు. నాలుగైదు వరుసల లోతు సరిపోతుంది.

ఎత్తైన చోటు దొరికితే వదలకండి. ఎక్కుతూ వచ్చే శత్రువు అలిసిపోతాడు, మీ విలుకాళ్లకూ మీ వరుస తలల మీదుగా చూపు ఆనుతుంది. క్రాస్‌బోలు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. విల్లు బాణం పైకి లేచి కింద పడుతుంది కాబట్టి మనవాళ్ల వెనక నుంచీ వేయొచ్చు. క్రాస్‌బో బాణం తిన్నగా పోతుంది, ముందున్న మనవాళ్ల వీపులకే తగులుతుంది. వాటిని వరుస చివరన గానీ, వాలు మీద గానీ పెట్టండి.

## మెట్టు 5: కదలకండి

ఈ మెట్టు దగ్గర తప్పేవాళ్లే ఎక్కువ.

యుద్ధం మొదలవగానే చెయ్యి ఊరుకోదు. అందరినీ ఎంచుకుని శత్రువు మీద క్లిక్ చేయాలనిపిస్తుంది. అలా చేస్తే ఏమవుతుందో చూడండి. గుర్రాలు వేగంగా వెళ్లి ఒంటరిగా ఈటెల మీద పడతాయి. కాల్బలం సగం దారిలో ఉంటుంది. విలుకాళ్లు అందరికంటే వెనకబడతారు. మీ సైన్యం మూడు చిన్న సైన్యాలై, ఒకటి తర్వాత ఒకటి శత్రువు మొత్తం సైన్యం చేతిలో పడుతుంది. లెక్కకు సమానంగా ఉండి కూడా ఓడిపోవడానికి మొదటి కారణం ఇదే. మొదట్లో నేను ఓడినవన్నీ కూడా ఇలా ఓడినవే.

శత్రువునే రానివ్వండి. ఈటెలు పట్టినవాళ్లు కదలకుండా, శత్రువు వైపు తిరిగి నిలబడినప్పుడే దూసుకొచ్చే గుర్రాల దెబ్బను తిప్పికొడతారు. నడుస్తున్నప్పుడు ఆ బలం ఉండదు. పైగా దూరం నుంచి పరుగెత్తుకొచ్చినవాడు మీ దగ్గరికి చేరేసరికే అలిసి ఉంటాడు. అలిసిన దళం బలంగా కొట్టలేదు, ధైర్యమూ త్వరగా చెడుతుంది.

శత్రువు రాకపోతే? కొన్నిసార్లు అతనూ కదలడు. అప్పుడు వరుస చెదరకుండా, అందరినీ ఒకే గుంపుగా, నడకతోనే ముందుకు తీసుకెళ్లండి. మీ బాణాలు అందే దూరంలో ఆగండి. బాణాలు పడటం మొదలైతే సాధారణంగా అతనే కదిలి వస్తాడు. మీ విలుకాళ్లకంటే అతని విలుకాళ్లు ఎక్కువుంటే ఆ చోట ఎక్కువసేపు నిలబడకండి, డాళ్లున్నవాళ్లను ముందు పెట్టి నేరుగా కలిసిపోండి.

## మెట్టు 6: ద్వంద్వ యుద్ధం, ఒప్పుకోవాలా వద్దా

సైన్యాలు దగ్గరకొచ్చాక శత్రు సేనాని సవాలు విసరొచ్చు. ఒప్పుకోవడానికి కొంచెం సమయమే ఉంటుంది. కాదంటే మీ సైన్యం ధైర్యం కొంత తగ్గుతుంది. ఒప్పుకుని ఓడితే చాలా తగ్గుతుంది, మనిషి ప్రాణం కూడా పోవచ్చు. మధ్యలో పారిపోయినా నష్టమే.

వెంటనే పి నొక్కి ఆట ఆపండి. ఇద్దరి తరగతి, స్థాయి, మిగిలిన ప్రాణశక్తి పోల్చి చూడండి. మీవాడు ఛాంపియనో వ్యాన్‌గార్డో అయి, స్థాయిలో సమానంగా ఉంటే ఒప్పుకోండి. స్ట్రాటజిస్టును ద్వంద్వ యుద్ధానికి దింపకండి. ఎదుట ఉన్నది ల్యూ బూ అయితే ఎవరినీ పంపకండి. ఈ గేమ్‌లో ఒంటిచేత్తో అతన్ని ఓడించే వీరులు చాలా అరుదు.

గెలిస్తే మాత్రం ఫలితం కళ్లకు కడుతుంది. శత్రు సేనాని పడిపోగానే అతని కింది దళాల ధైర్యం ఒక్కసారిగా జారుతుంది. సరిగ్గా ఆ క్షణంలో గుర్రాలను వెనక నుంచి దింపితే శత్రువు వరుస మొత్తం కూలుతుంది.

హెచ్చరిక: ద్వంద్వ యుద్ధం లేనప్పుడు కూడా కొందరు సేనానిని ఒంటరిగా శత్రువుల మధ్యలోకి పంపుతారు. కాసేపు బాగానే నరుకుతాడు. తర్వాత నాలుగు దళాలు చుట్టుముడతాయి, బయటికి దారి దొరకదు. పద్మవ్యూహంలోకి వెళ్లిన అభిమన్యుడి గతే. సేనాని ఎప్పుడూ మన దళానికి ఆనుకునే పోరాడాలి.

## మెట్టు 7: కట్టిపడేసి, వెనక నుంచి కొట్టండి

ఇప్పుడు రెండు వరుసలూ ఢీకొన్నాయి. ముందు వరుసతో గెలవాలని చూడకండి. వాళ్ల పని నిలబడటం మాత్రమే. కమ్మరి కొలిమిలో దాగలి కదలదు కదా, సుత్తి కదులుతుంది. మీ ఈటెల వరుస దాగలి, గుర్రాలు సుత్తి.

గుర్రాలకు పని ఈ వరుసలో చెప్పండి:

మొదట శత్రువు గుర్రాలు. అవి మీ వరుస పక్కకు వచ్చినప్పుడు మీ కత్తుల దళం గానీ, చివరి ఈటెల దళం గానీ అటు తిరిగి ఆపుతుంది. అవి ఆగగానే మీ గుర్రాలతో పక్కనుంచి కొట్టండి. శత్రువు గుర్రాలు బతికున్నంతసేపు మీ విలుకాళ్లకు నిద్ర లేదు.

తర్వాత శత్రువు విలుకాళ్లు. రౌతులు చేరగానే విలుకాళ్లు నిలవలేరు. ఒక గుర్రపు దళం రెండు విలుకాళ్ల దళాలను కూడా తరిమేయగలదు.

చివరికి శత్రువు కాల్బలం వెనక వైపుకు తిరిగి రండి. మీ ఈటెలతో పోరాడుతున్న శత్రు దళం వీపు మీదికి, కొంత దూరం నుంచి పరుగుతో. ఈ ఒక్క దెబ్బకే చాలా దళాలు పారిపోతాయి.

బల్లేలతో దూసుకెళ్లే గుర్రాల బలమంతా మొదటి తాకిడిలోనే ఉంటుంది. తాకాక కొన్ని క్షణాలు ఉంచి, బయటికి లాగి, దూరం తీసుకుని మళ్లీ కొట్టండి. అక్కడే వదిలేస్తే గుర్రం మీద కూర్చున్న కాల్బలం అయిపోతారు, నెమ్మదిగా చచ్చిపోతారు. కత్తులు పట్టిన గుర్రపు దళాలు కాసేపు నిలిచి కొట్లాడగలవు కాబట్టి వాటితో ఇంత శ్రమ అక్కర్లేదు.

గుర్రాలను ఎప్పుడూ ఈటెల ముందువైపుకు పంపకండి. వేరే దారి లేదనిపించినా పంపకండి.

గుర్రాలు లేకపోతే? కొత్త క్యాంపెయిన్‌లో డబ్బు చాలక గుర్రాలు రెండో మూడో ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. అప్పుడు కత్తుల దళాలు రెండింటినీ సుత్తిగా వాడండి. వరుస చివర నుంచి చుట్టూ తిప్పి శత్రువు పక్కకు పంపండి. నెమ్మదిగా జరుగుతుంది, కానీ పనిచేస్తుంది.

## మెట్టు 8: విలుకాళ్లను వదిలేయకండి

రెండు వరుసలు కలిసిపోయాక విలుకాళ్లు వేస్తూనే ఉంటారు. కొన్ని బాణాలు మనవాళ్లకూ తగులుతాయి. గుర్రాలు శత్రువు వెనక్కి చేరినప్పుడైతే అవీ ఆ బాణాల కిందికే వస్తాయి. వరుసలు కలవగానే ఆట ఆపి, వాళ్ల గురిని మార్చండి. వెనక ఉన్న శత్రు విలుకాళ్ల మీదికో, ఇంకా కలబడని దళం మీదికో. లేదంటే విలుకాళ్లను పక్కకు నడిపించి, శత్రువు పక్కనుంచి వేయించండి. దీనికి ఓపిక కావాలి. ఫలితం మాత్రం చాలా బాగుంటుంది, ఎందుకంటే పక్కనుంచి వచ్చే బాణానికి డాలు అడ్డురాదు.

నిప్పు బాణాల బటన్ ఉంటే జాగ్రత్తగా వాడండి. ఈ గేమ్‌లో అడవి అంటుకుంటుంది, ఊరిలో ఇళ్లూ అంటుకుంటాయి. శత్రువు చెట్లలో దాక్కున్నప్పుడు ఇంతకంటే మంచి ఆయుధం లేదు. మీ గుర్రాలు అదే చెట్లలో ఉన్నాయేమో ఒకసారి చూసుకోండి.

నిప్పు అనగానే 208లో నదిలో ఓడలు తగలబడిన ఎర్రకొండల యుద్ధం గుర్తొచ్చి, "నదిలో ఓడల యుద్ధం ఎక్కడ ఆడాలి?" అని అడుగుతారు. ఓడల యుద్ధం ఈ గేమ్‌లో చేత్తో ఆడే వీలు లేదు. నాకూ అది పెద్ద లోటుగానే అనిపిస్తుంది.

## మెట్టు 9: పారిపోయేవాళ్లను వదలకండి

శత్రు దళం మీది జెండా తెల్లగా మిణుకుమంటే అది చెదిరిందే కానీ తేరుకుని మళ్లీ రావొచ్చు. షాటర్డ్ అని చూపిస్తే ఇక తిరిగి రాదు. గుర్రాలను మొదటిరకం వెనక పంపండి. యుద్ధం గెలిచాక కూడా ఆట కొంతసేపు కొనసాగించడానికి అవకాశం ఇస్తుంది, అప్పుడు మిగతావాళ్లను తరమండి. క్యాంపెయిన్‌లో ఇది చాలా ముఖ్యం. ఈరోజు తప్పించుకున్న మూడొందల మంది రెండు టర్న్‌ల తర్వాత దళం నింపుకుని మళ్లీ మీ ఎదుటే నిలబడతారు.

కాల్బలంతో మాత్రం తరమకండి. అందరూ చెల్లాచెదురవుతారు. ఇంకా పోరాడుతున్న శత్రు దళం ఒక్కటి మిగిలి ఉన్నా ఆ గందరగోళంలో దెబ్బ తీస్తుంది.

## ఫలితం ఎలా సరిచూసుకోవాలి

గెలిచారా ఓడారా అన్నది ఒక్కటే చూసి ముందుకు పోకండి. యుద్ధం తర్వాత వచ్చే పట్టికలో ఏ దళం ఎంతమందిని చంపింది, ఎంతమందిని పోగొట్టుకుంది అని ఉంటుంది. దాన్ని ఇలా చదవండి.

ఈటెల దళాలు తక్కువ చంపి, సగానికి పైగా మిగిలితే మంచి లక్షణం. నిలబడమన్నారు, నిలబడ్డారు. అవి పూర్తిగా తుడిచిపెట్టుకుపోతే గుర్రాలు ఆలస్యంగా వచ్చాయని అర్థం.

గుర్రపు దళం బాగా చంపి, కొద్దిమందిని పోగొట్టుకుంటే సరైన చోట కొట్టారు. సగం పోతే ఈటెల మీదికైనా పంపారు, లేదా కొట్టాక బయటికి లాగడం మర్చిపోయారు.

విలుకాళ్ల దగ్గర బాణాలు చాలా మిగిలిపోతే యుద్ధం మధ్యలో వాళ్లను పట్టించుకోలేదన్నమాట. ఎందుకో వాళ్ల ముందుకు వెళ్లి చూస్తే తెలుస్తుంది, సాధారణంగా ముందున్న కొండో చెట్లో చూపుకు అడ్డుపడి ఉంటాయి.

యుద్ధం జరుగుతుండగా చూసుకోవడానికి పైన రెండు సైన్యాల బలాబలాలు చూపే పట్టీ ఉంది. వరుసలు కలిసిన కొత్తలో అది కొంచెం శత్రువు వైపు వాలినా కంగారు పడకండి. గుర్రాలు వెనక్కి చేరాక తిరిగి రావాలి. అప్పటికీ రాకపోతే ఆట ఆపి, ఎక్కడ కన్నం పడిందో వెతకండి. ఎక్కువసార్లు అది వరుస చివర ఉంటుంది.

ఒకే మైదానం, ఒకే సైన్యాలతో మూడుసార్లు ఆడండి. మూడింట్లో రెండు గెలిచి, సగం సైన్యం మిగిలిందంటే నార్మల్‌కు మారండి.

## క్యాంపెయిన్‌లోకి వెళ్లాక చేసే తప్పులు

కస్టమ్ బ్యాటిల్లో బాగా ఆడి, క్యాంపెయిన్‌లో మళ్లీ ఓడేవాళ్లు ఉంటారు. వాళ్లకు యుద్ధం రాక కాదు, యుద్ధానికి ముందే దెబ్బతిని ఉంటారు.

నిండని దళాలతో వెళ్లడం. ఈ గేమ్‌లో కొత్తగా చేర్చుకున్న దళం వెంటనే నిండుగా రాదు. కొద్దిమందితో మొదలై కొన్ని టర్న్‌లలో నిండుతుంది. కార్డు కనిపించగానే సైన్యం తయారైందనుకుని వెళితే, కాగితం మీద పద్దెనిమిది దళాలు, మైదానంలో ఆరు దళాలకు సరిపడా మనుషులు. "ఎక్కువ సైన్యం ఉన్నా ఓడిపోయాను" అన్నవాళ్లలో చాలామంది సంగతి ఇదే. కార్డు మీద మనుషుల సంఖ్య చూసి, నిండేదాకా సొంత ఊళ్లోనే ఆగండి.

సరుకులు చూసుకోకపోవడం. సైన్యానికి తిండి, సామగ్రి లెక్క ఉంటుంది. సొంత నేలపై పెరుగుతుంది, శత్రువు నేలపై తరుగుతుంది. ఏడాదికి ఐదు టర్న్‌లు: వసంతం, వేసవి, కోతల కాలం, శరత్తు, చలికాలం. చలికాలంలో శత్రువు నేల మీద చిక్కుకోకండి. సరుకులు అయిపోతే యుద్ధం లేకుండానే మనుషులు రాలిపోతారు, ఉన్నవాళ్ల ధైర్యమూ తగ్గుతుంది. 200లో గ్వాన్‌డూ దగ్గర తనకంటే ఎంతో పెద్దదైన యువాన్ షావ్ సైన్యాన్ని ట్సావ్ ట్సావ్ దెబ్బతీసింది ఊచావ్‌లోని ధాన్యం నిల్వలు తగలబెట్టే కదా. ఆ పరిస్థితి మీకు రానివ్వకండి.

సేవ్ చేయకపోవడం. ప్రతి పెద్ద యుద్ధానికి ముందు సేవ్ చేయండి. నేర్చుకునే రోజుల్లో ఓడిన యుద్ధాన్ని మళ్లీ ఆడటం తప్పేమీ కాదు. ఒకే యుద్ధాన్ని రెండు రకాలుగా ఆడి చూస్తే పదిమంది చెప్పినా అర్థం కానిది అర్థమవుతుంది.

ప్రతి యుద్ధమూ చేత్తో ఆడటం. మీ బలం స్పష్టంగా ఎక్కువగా ఉన్న చిన్న కొట్లాటలను కంప్యూటర్‌కే వదిలేయండి. సమానంగా ఉన్నవి, మీరు కొంచెం తక్కువగా ఉన్నవి మాత్రమే మీరు ఆడండి. లేకపోతే అలసట వచ్చి, ముఖ్యమైన యుద్ధం నాటికి ఓపిక ఉండదు.

## కోట మీద యుద్ధం వస్తే

దీనికి ఇంకో పెద్ద వ్యాసమే కావాలి, ఇప్పటికి అవసరమైనంత వరకు చెప్తాను. మొదట్లో కోటల మీదికి నేరుగా దూకకండి. చుట్టుముట్టి కొన్ని టర్న్‌లు కూర్చోండి. లోపలివాళ్లు ఆకలికి తాళలేక లొంగిపోవచ్చు, లేదా బయటికి వచ్చి మైదానంలో పోరాడొచ్చు. మైదానంలో పోరు మీకిప్పుడు వచ్చు.

తప్పనిసరిగా లోపలికి వెళ్లాల్సి వస్తే, రాళ్లు విసిరే యంత్రం ఒక్కటైనా వెంట ఉండాలి. దూరం నుంచే గోడలు, బురుజులు పగలగొట్టండి. అది అయ్యేదాకా మిగతా సైన్యాన్ని బురుజుల బాణాలు అందని దూరంలో ఉంచండి. ఇక్కడ కూడా ముందు కదలనివాడిదే పైచేయి. గోడ విరిగాక డాళ్లున్నవాళ్లు ముందు, కత్తులవాళ్లు వెనక. గుర్రాలను వీధుల్లోకి పంపకండి, ఇరుకు సందుల్లో వాటికి పరుగు ఉండదు. బయటే ఉంచి, ద్వారం నుంచి పారిపోయి వచ్చేవాళ్ల కోసం ఆపండి. గడియారం మీద ఒక కన్నేసి ఉంచండి. సమయం అయిపోతే గెలుపు లోపలున్నవాళ్లదే.